మంచు మీద సాయిలుని పిలిచిన ఉదయం

నేను ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. దుబాయ్‌లో పనిచేస్తున్న రోజుల్లో ఒక ఉదయం మంచు మీద నిలబడి, చనిపోయిన మనిషిని పేరు పెట్టి పిలిచాను. మనసులో కాదు, పైకి, గట్టిగా. మా అక్కకి కూడా చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునేదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం "ఈ రోజు పని ఎక్కువ" అని రాసి మూసేశాను.

నేను దయ్యాలకు జడిసే మనిషిని కాదు. చదువుకునే రోజుల్లో లైబ్రరీ నుంచి అలాంటి పుస్తకాలు తెచ్చుకుని, చివరి పేజీ దాకా చదివి, లైటు ఆర్పి హాయిగా నిద్రపోయేదాన్ని. హాస్టల్లో అమ్మాయిలు వరండా చివరి బాత్రూంకి తోడు రమ్మని నన్నే లేపేవారు. మాది నరసాపురం వైపు, చర్చికి వెళ్ళే కుటుంబం. పోయినవాళ్ళు దేవుడి దగ్గర విశ్రాంతిగా ఉంటారు, ఇక్కడ వాళ్ళకేం పని అన్న మాటల మధ్య పెరిగాను. నాకు భయమల్లా బతికున్న మనుషులతో మాట్లాడడమే.

2006లో అక్క నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. తను షార్జాలో ఒక ఆసుపత్రిలో నర్సు. అద్దె తక్కువని అక్కా బావా అజ్మాన్‌లో ఉండేవారు. కొన్నాళ్ళు తిరిగాక నాకు ఒక మాల్‌లో, మంచు కొండ దగ్గర ఉద్యోగం దొరికింది.

బయట ఎండ మండిపోతుంటే, లోపల గడ్డకట్టే చలిలో, కప్పు కింద కట్టిన కొండ అది. పైనుంచి కింద దాకా నిజం మంచు. కాళ్ళకి పొడవాటి పలకలు బిగించుకుని జనం దాని మీద జారేవారు. వాళ్ళకి జాకెట్లు, బూట్లు ఇవ్వడం నా పని. కొలత అడగాలి, ఇవ్వాలి, తిరిగి తీసుకోవాలి. అంతకు మించి ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందుకే ఆ ఉద్యోగం నాకు నచ్చింది.

ఆ కొండకి ఒక బండి ఉండేది. యుద్ధం ట్యాంకుకి ఉన్నట్టు పట్టాల చక్రాలు, ముందు వెడల్పాటి రేకు, వెనక మంచుని దువ్వే పళ్ళు. జనం జారి జారి గట్టిపడిన మంచుని అది చదును చేసేది. కొన్ని రోజులు మాల్ తెరవకముందే ప్రత్యేక అతిథులు వచ్చేవారు. వాళ్ళని బండి వెనక గదిలో కూర్చోబెట్టి పైదాకా తీసుకెళ్ళేవారు. అంతకుముందే కప్పు నుంచి కురిపించిన కొత్త మంచు అప్పటికింకా ఎవరూ తొక్కకుండా, పొడిగా, జల్లించిన వరిపిండిలా ఉండేది. గైడు ముందు దారి తీస్తే అతిథులు వెనకే ఒకరొకరుగా ఆ పిండిలోకి దిగబడుతూ జారేవారు. చలిదేశాల్లో, మనుషులు తిరగని కొండల మీద ఇలాగే చేస్తారని మా గైడు మార్తా చెప్పింది. ఆవిడది అలాంటి దేశమే.

బండి నడిపేది గంగరాం. జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్ళో ట్రాక్టరు నడిపాడు, ఇక్కడికొచ్చి బుల్‌డోజరు నడిపాడు, చివరికి దీని మీదికి వచ్చాడు. అందరూ మంచు బండి అన్నా ఆయన మాత్రం ట్రాక్టరనే అనేవాడు. ఆ పనిలో తెలుగు మాట్లాడేవాళ్ళం ముగ్గురమే. ఆయనా, ఆయన బామ్మర్ది సాయిలూ, నేనూ. గంగరాం నన్ను చెల్లె అని పిలిచేవాడు. నేను "గంగరాంగారూ" అంటే, "గారేంది చెల్లె, నేనేమన్న పటేలునా?" అని నవ్వేవాడు. చివరికి అన్నయ్యా అనడం అలవాటు చేసుకున్నాను.

సాయిలుతో నేను పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండను. చెవులకి మఫ్లరు చుట్టుకుని కొండ మధ్యలో మిట్ట మీద నిలబడేవాడు. అదే ఆయన పని. బండి ఆ మిట్ట ఎక్కేటప్పుడు దాని ముందుభాగం కప్పు వైపు లేస్తుంది. అవతల మనిషి పడి ఉన్నా నడిపేవాడికి కనపడడు. సాయిలు చెయ్యి పైకెత్తితే ఆగాలి, ఊపితే రావాలి. గంగరాం ఆ చేతిని చూసే ముందుకు పోయేవాడు.

ఒక ఎండాకాలం మొదట్లో సాయిలు చనిపోయాడు. మంచు దగ్గర కాదు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో క్యాంపు గదిలో, తన మంచం మీద, నిద్రలో. గుండె ఆగిపోయిందన్నారు. అలాంటి చావులు అక్కడ కొత్త కాదు. పెట్టె ఊరికి వెళ్ళింది. వెంట వెళ్ళడానికి గంగరాంకి సెలవు దొరకలేదు.

ఆ తర్వాత గంగరాం మిట్ట దగ్గర బండి ఆపడం మొదలుపెట్టాడు.

సాయిలు చోట్లోకి వచ్చిన నేపాలీ మనిషి రమ్మని చెయ్యి ఊపుతూనే ఉండేవాడు. బండి మాత్రం ముక్కు పైకెత్తి అలాగే ఆగిపోయేది. వెనక అతిథులు ఉండగా కూడా ఇలా జరిగింది. ముదీర్, అంటే మా మేనేజరు, పిలిచి, ఇంకోసారి ఆగితే ఖలాస్, ఊరికి పంపేస్తానన్నాడు. అప్పటికి గంగరాం సంపాదన మీద ఆయన ఇల్లూ సాయిలు ఇల్లూ రెండూ నడుస్తున్నాయి.

ఒకరోజు టీ తాగేచోట గంగరాంని ధైర్యం చేసి అడిగాను, సాయిలు అక్కడ కనిపిస్తున్నాడా అని.

"కనవడుడు కాదు చెల్లె. వాడు చెయ్యి లేపి ఉన్నడని నా కాలుకు తెలుస్తది. నేను చెప్పకముందే బ్రేకు మీదికి పోతది."

నాకది అర్థమైంది. ఏళ్ళ తరబడి ఒక చేతిని నమ్మి నడిపిన కాలు ఇంకో చేతిని నమ్మడానికి టైము పడుతుంది. అంతే అనుకున్నాను. ఇప్పటికీ ఆ సంగతి వరకు అంతే అనుకుంటాను.

తర్వాతి శుక్రవారం గంగరాం ఊరికి ఫోన్ చేసి వచ్చి ఇంకో సంగతి చెప్పాడు. సాయిలు తల్లికి కలలు వస్తున్నాయట. కొడుకు వాకిట్లో నిలబడి, "సలి పెడ్తాందే అవ్వా" అంటున్నాడట. ఆమె కలత నిద్రలో లేచి దుప్పటి తీసుకుని వాకిట్లోకి వస్తోందట. తిండి మానేసిందట. ఇలాగే ఉంటే ఆమె కూడా దక్కదని గంగరాం భార్య ఫోన్లో ఏడ్చింది.

నిజానికి ఆ కలలో కూడా వింతేమీ లేదు. సాయిలు మొదట్లో తను మంచులో పనిచేస్తున్నానని ఇంట్లో చెప్పాడు. దుబాయ్‌లో మంచేంది, తాగి మాట్లాడుతున్నవా అని వాళ్ళు నవ్వారు. మళ్ళీ ఆ మాటెత్తలేదు. నవ్వి మర్చిపోయిన మాట తల్లి మనసులో ఎక్కడో ఉండిపోయి ఉండొచ్చు. నేను గంగరాంకి అలాగే సర్దిచెప్పాను. ఆయన విన్నాడు కానీ, ఆలోచన వేరే చోట ఉంది.

వాళ్ళ కుటుంబంలో ఒక పద్ధతి ఉందట. మనిషి పరాయిచోట పోతే దేహాన్ని తెచ్చుకుంటే చాలదు. పోయిన చోటికి తనవాళ్ళు ఎవరైనా వెళ్ళాలి. ఇంట్లో పిలిచే పేరుతో పిలిచి, పోదాం రమ్మని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నడవాలి. బండెక్కితే పక్కన జాగా వదలాలి. క్యాంపులో వాళ్ళు అవన్నీ చేశారు. సాయిలు మంచం పక్కన నిలబడి పిలిచారు. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే వ్యానులో ఒక సీటు ఖాళీగా ఉంచారు.

"తప్పు జేసినం," అన్నాడు గంగరాం. "పండుకున్న జాగాల పిలిసినం. పండుకున్నోని పానం ఆడ ఉంటదా? వాని పానమంతా ఆ మిట్ట మీదనే. ట్రాక్టర్ ఎటు ఒరుగుతదో, బావ ఎట్ల దిగుతడో అని. ఆడ నిలవడి పిలువాలె."

అలా అయితే వెళ్ళి పిలవొచ్చు కదా అన్నాను. వెళ్ళలేడు. నడిపేవాడు కొండ మీద బండి దిగకూడదు. మంచు మీద కాలినడకన తిరిగే అనుమతి గైడ్లకీ మిట్ట మనిషికీ మాత్రమే. మిట్ట మీదున్న నేపాలీ మంచివాడే, చెబితే కాదనడు. కానీ గంగరాం తల అడ్డంగా ఊపాడు. "ఈడ హిందీల పిలిస్తే మా సాయిలు పనికి పిలిసిండ్రనుకుంటడు. ఇంటికి అనుకోడు."

అప్పుడు నావైపు చూశాడు. ఎందుకు చూశాడో నాకు వెంటనే తెలిసింది. స్థానిక కుటుంబాల ఆడవాళ్ళు వచ్చే ఉదయాల్లో మంచు మీద మగవాళ్ళు ఉండేవారు కాదు. నేపాలీ కిందికి వచ్చేసేవాడు. బండి అద్దాల వెనక గంగరాం ఒక్కడే. బూట్లు బిగించడానికీ, జాకెట్లు సర్దడానికీ నేను బండిలో పైదాకా వెళ్ళేదాన్ని.

ఆ రాత్రంతా కాదు, ఆ వారమంతా ఆలోచించాను. మాకు ఇలాంటివి లేవు. అక్కకి తెలిస్తే చర్చిలో నాకోసం ప్రార్థన పెట్టించేది. దానికన్నా పెద్ద కష్టం ఇంకొకటి. కౌంటర్లో "మీ సైజెంత" అని అడిగినా నా గొంతు ఎదుటివాళ్ళకి వినపడదు. మళ్ళీ అడిగించుకుంటారు. అలాంటి దాన్ని కొండ మీద నిలబడి కేకెయ్యాలి. కానీ ఎవరో ఒక తల్లి దుప్పటి పట్టుకుని వాకిట్లో నిలబడిందన్న సంగతి నన్ను వదల్లేదు. నేను నమ్మక్కర్లేదు, పిలిస్తే చాలు కదా అనుకున్నాను. ఆమెకి ఎవరైనా "పిలిచాం" అని నిజంగా చెప్పగలగాలి.

ఒప్పుకున్నాక గంగరాం నాకు మాటలు నేర్పించాడు. ఇంట్లో పేరు సాయిగాడు.

"నాకన్నా పెద్దాయన కదా, రండి అనకూడదా?" అన్నాను.

"రండి అంటే ఇంకెవలనో పిలుస్తున్నరని దారి ఇస్తడు చెల్లె. 'సాయిగా, పా, ఇంటికి పోదాం.' గంతే. కోపంగ అను. మా అత్త గట్లనే అంటది."

ఆ రోజు వచ్చింది ఒక పెద్ద అరబ్ కుటుంబం. కోడళ్ళు, కూతుళ్ళు, వాళ్ళతో పాటు ఒక ముసలావిడ. ఆవిడ జారడానికి రాలేదు, మంచు చూడడానికి వచ్చింది. బురఖాలాంటి నల్లటి అబాయా మీద మేమిచ్చిన జాకెట్టు తొడుక్కుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని బండి వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుంది. పాతకాలం గల్ఫ్ ఆడవాళ్ళకి వచ్చినట్టు ఆవిడకి కాస్త హిందీ వచ్చు. ఎక్కేటప్పుడు నా పేరడిగింది, ఊరడిగింది. అక్కడ కౌంటర్లో నన్ను పేరడిగినవాళ్ళు తక్కువ. "హలో" అంటారు, "సిస్టర్" అంటారు. చేయి ఊపుతారు.

బండి మిట్ట ఎక్కి ఆగింది. అలాంటి ఉదయాల్లో నేపాలీ బదులు మార్తా ముందు నిలబడి సైగ చేసేది. ఆవిడ రమ్మని ఊపుతోంది. ముదీర్ కింద అద్దం గదిలోంచి చూస్తుంటాడని నాకు తెలుసు. కాసేపటికి గంగరాం కదిలించాడు. ఈసారి కిందికి వెళ్ళాక ఏమవుతుందో అనుకుంటూ కూర్చున్నాను.

పైన దిగి ఆడవాళ్ళకి బూట్లు బిగించాను. మార్తా దారి తీసింది. ఒకరి వెనక ఒకరు కొత్త మంచులోకి దిగారు. వాళ్ళ నవ్వులు మెల్లగా కిందికి వెళ్ళిపోయాయి. నేను బండి వైపు తిరిగి వెళ్ళకుండా, అంచు వెంబడి మిట్ట దాకా దిగాను.

కొత్త మంచు పడ్డప్పుడు చప్పుళ్ళన్నీ దానిలోకి ఇంకిపోతాయి. మన ఊపిరి మనకే చెవి దగ్గర వినిపిస్తుంది. మొదటిసారి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి "సాయిగా" అన్నాను, కౌంటర్లో లాగానే. మూడోసారి వాకిట్లో నిలబడ్డ సాయిలు తల్లిని తలుచుకుని పిలిచాను. "సాయిగా, పా, ఇంటికి పోదాం."

ఆ దేశంలో నేను అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. అది నా గొంతేనా అనిపించింది.

తిరిగి నడిచాను. వెనక్కి చూడలేదు. ఒకటి చెప్పాలి: నా అడుగుల చప్పుడు తప్ప నాకేమీ వినిపించలేదు. చల్లగాలి తగలలేదు, ఒళ్ళు జలదరించలేదు. పని అయిపోయిందన్న తేలిక మాత్రం ఉంది. బండి గది తలుపు తీసి, గంగరాం చెప్పినట్టు కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, తర్వాత ఎక్కాను.

అప్పటిదాకా కిటికీలోంచి కిందికి చూస్తున్న ముసలావిడ తలుపు వైపు తిరిగింది. నా భుజం మీదుగా చూసింది. తర్వాత అబాయా అంచు దగ్గరికి లాక్కుని, ఇంకా కిటికీ వైపుకి జరిగి, పక్క సీటు మీద చేత్తో తట్టింది. నాకోసమే జరిగిందనుకుని అక్కడ కూర్చోబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నయ్, తుమ్ ఉధర్ బైఠో," అని ఎదుటి సీటు చూపించింది.

కూర్చున్నాను. ఆవిడ ఒళ్ళో దుప్పటి సగం తీసి, పక్కన ఖాళీ సీటు మీద కప్పింది. అంచులు లోపలికి దోపింది, ఎవరి మోకాళ్ళ చుట్టూనో దోపినట్టు. మళ్ళీ కిటికీ వైపు తిరిగి ఏదో చిన్నగా చదువుకుంది. దువా, వాళ్ళ ప్రార్థన, అనుకుంటాను.

గంగరాంకి వెనక గది కనపడదు. మధ్యలో తెర ఉంటుంది. నేను ఆ పనిచేస్తానని ఆవిడకి చెప్పినవాళ్ళు లేరు. మిట్ట మీద నేను పిలవడం ఆవిడ చూసి ఉంటే ఉండొచ్చు. పిలిచింది వినపడినా తెలుగు అర్థం కాదు. వృద్ధులకి ఒక్కోసారి ఇలాంటివి తోస్తుంటాయి. ఈ వివరణలన్నీ నేను అప్పుడే, ఆ సీటుకి ఎదురుగా కూర్చునే ఇచ్చుకున్నాను. అడిగితే తేలిపోయేది. కానీ నేను అడిగే మనిషిని కాదు.

దిగేటప్పుడు మిట్ట దగ్గర బండి ఆగలేదు. కిందికి వచ్చాక ముసలావిడ దుప్పటి మడిచి నా చేతిలో పెట్టి, తలమీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఎక్కేటప్పుడు ఆగినందుకు ముదీర్ గంగరాంని పిలిపించాడు. ఆయన తల దించుకుని వెళ్ళాడు. అయితే అతిథులు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ముసలావిడ కొడుకు ఫోన్ చేసి నడిపిన మనిషిని మెచ్చుకున్నాడట. ఆఖరిసారి అని వదిలేశారు. ఆ తర్వాత మిట్ట దగ్గర ఆ బండి ఊరికే ఆగడం నేను మళ్ళీ చూడలేదు. కాలు తేరుకుంది అనుకోవచ్చు. గంగరాం మాత్రం, "చెయ్యి దించిండు చెల్లె" అన్నాడు.

శుక్రవారం ఫోన్ చేసి వచ్చి, అత్త అన్నం తింటోందని చెప్పాడు. కలలు ఆగాయా అని అడిగితే, ఆగాయన్నాడు. ఇంకేదో చెప్పబోయి, టీ గ్లాసు కడుక్కోవడానికి లేచిపోయాడు. అది నాకు గుర్తుంది.

సాయిలు సంవత్సరీకానికి గంగరాంకి సెలవు దొరికింది. ఆయన మళ్ళీ రాలేదు, ఊళ్ళోనే ట్రాక్టరు కొనుక్కున్నాడని తర్వాత విన్నాను. వెళ్ళేరోజు మధ్యాహ్నం స్టాఫ్ బస్సు ఆగేచోట, ఎండలో, సూట్‌కేసు మీద కూర్చుని ఉన్నాడు. టిఫిన్ డబ్బా కట్టిన సంచీ ఇద్దామని వెళ్ళాను. అత్తగారిని అడిగానని చెప్పమన్నాను.

ఆయన సంచీ అందుకుని పక్కన పెట్టాడు. "నువ్వు బుగులు వడ్తవని ఇన్నొద్దులు చెప్పలే. కలలు వెంటనే ఆగలే చెల్లె. మనం పిలిచిన నాడు ఇంకొక్కటి వచ్చిందట. వాడు ఇంట్లకు వచ్చిండట. ఒక్కడే గాదట. ఎవలో పిల్ల ఎంబడి ఉన్నదట. బక్కగ, నోరు తెరువకుంట."

మీరే నా గురించి ఇంట్లో చెప్పి ఉంటారన్నాను.

"పిలిసినం అని ఒక్క మాట చెప్పిన. ఎవలు పిలిసిండ్రో చెప్పలే. దుబాయ్‌ల ఆడివిల్లతోని ముచ్చట పెడుతున్ననంటే మా ఇంటామె ఊకుంటదా?" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు.

నేను ఎన్నోసార్లు దీన్ని విప్పి చూసుకున్నాను. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు. పోనీ ఎప్పుడో నోరుజారి, మర్చిపోయి ఉంటాడనుకుందాం. అప్పుడు కూడా దుప్పటి ముచ్చట ఒకటి మిగులుతుంది. ముసలావిడ సంగతి నేను గంగరాంకి కూడా చెప్పలేదు. సాయిలు ఇంటికి వచ్చినప్పుడు భుజాల మీద ఎవరిదో సగం దుప్పటి ఉందని ఆ తల్లి చెప్పిందట. గంగరాం అది ఆ రోజు బస్సు దగ్గరే మామూలుగా, మధ్యలో ఒక మాటగా అన్నాడు, దాని విలువ ఆయనకి తెలియదు. నేను ఇంకా దయ్యాలను నమ్మను. నమ్మకుండానే దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు, ఇన్నేళ్ళయినా.

బస్సు వచ్చింది. ఆయన సూట్‌కేసు పైకెక్కించి, మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగాడు.

"మా అత్త ఒక్కటే అడుగుతాంది చెల్లె. గడప దాక వానికి తోడచ్చి, గుక్కెడు మంచినీళ్ళన్న తాగకుంట పోయిందేంది ఆ పిల్ల అని."